ముప్పయి రెండు మీటర్ల పడుగు

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు నా మంచం మీద బోర్లా పడుకొని లెక్కలు చేసుకుంటూ, "ఒకటే కదా, వదిలెయ్" అని తనలో తాను గొణుక్కుంది. నేను పక్కనే కూర్చొని చింతపండులో గింజలు తీస్తున్నాను. ఏం వదిలేస్తున్నావే అని అడిగితే పుస్తకం తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. ఎనిమిది, చుక్క, ఒకటి. దాన్ని దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించాలట. ఇన్ని అంకెలుండగా ఆ పుస్తకం రాసినాయనకు ఇదే దొరికిందా అనిపించింది.

"వదిలేసింది ఎక్కడికి పోతుంది?" అన్నాను.

"ఎక్కడికీ పోదు నానమ్మా. వదిలేస్తాం, అంతే."

"ఎక్కడికీ పోకపోతే ఎవరి దగ్గర ఉంటుంది మరి?"

అది నన్ను వింతగా చూసి పుస్తకం లాక్కుని పోయింది. ముప్పయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషిని నేను. వందల మంది పిల్లల చేత సున్నాలు, చుక్కలు దిద్దించాను. వదిలేసింది ఎక్కడికి పోతుందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. దాని వల్ల ఒకసారి మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. జరిగింది చెప్పగలను గానీ, దాని అర్థమేమిటో అడిగితే చెప్పలేను.

మాది సుల్తానాబాద్‌కు అవతల ఒక ఊరు. మా దిక్కు అమ్మను అవ్వ అంటారు, నాన్నను బాపు అంటారు. మా గల్లీ అంతా మగ్గాలే. పొద్దున లేవగానే గంజి వాసన వచ్చేది. జొన్నపిండితో కాచిన గంజి, కొంచెం పులిసిన వాసన, దాని వెనకే అవ్వ పొయ్యి మీద కాల్చే రొట్టె వాసన. గంజీ జొన్నలదే, రొట్టే జొన్నలదే. చిన్నప్పుడు నాకు రెంటికీ తేడా తెలియక, దారాలకు పెట్టే గంజిలో ఉప్పేసుకుని తాగి, బాపుతో చెవి మెలి పెట్టించుకున్నాను. బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే సాయంత్రం దాకా లేచేవాడు కాదు. అవ్వ కండెలకు దారం చుట్టేది. పడుగు పని, అంటే మగ్గం మీద పొడుగునా సాగే దారాలను కొలిచి, పరిచి, గంజి పెట్టే పని, మా అత్తది.

అత్త అంటే బాపు చెల్లెలు, వయసులో అవ్వ కంటే పెద్దది గనక అవ్వ ఆమెను వదినె అనేది. ఆమెను ఆసిఫాబాద్ దిక్కు ఇచ్చారు. పిల్లలు కలగలేదు. మామ జ్వరంతో పోయాక, పెద్ద యారాలితో, అంటే మామ అన్న భార్యతో మాటా మాటా పెరిగి, ఒక ట్రంకు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. వచ్చి మూడేళ్ళయినా ఆ పెట్టెకు తాళం వేసే ఉంచేది. చీరలు పైన దండెం మీద ఉండేవి. పెట్టెలో ఏముందని నేను అడిగితే, "పోయేటప్పుడు సర్దుకునే పని లేకుంట సర్ది పెట్టిన" అనేది. ఎక్కడికి పోయేటప్పుడో చెప్పేది కాదు.

అత్తకు అక్షరం ముక్క రాదు. అయితే పావు, అర, ముప్పావు ఆమె నోట్లో నానుతుండేవి. సవ్వా అంటే ఒకటింబావు, దేడు అంటే ఒకటిన్నర. వాటి ఎక్కాలు దారం చుడుతూ చుడుతూ చదివేది. ఆరు సవ్వాలు ఏడున్నర, ఏడు దేడ్లు పదిన్నర. ఆగేది కాదు, తడుముకునేది కాదు. ఎవరు నేర్పారంటే, "ఎవలు నేర్పుతరే? చేతులు ఊకుంటయా?" అనేది. నాకు అర్థమయ్యేది కాదు. చేతులకు లెక్క ఎలా వస్తుంది?

ఆమె సర్వపిండి చేసిన రోజు నాకు పండగ. మందంగా, అంచులు కరకరలాడుతూ, నువ్వులు, పల్లీలు పళ్ళ కింద పడుతూ ఉండేది. ఒకరోజు తమ్ముడికి పంచే పని నాకు అప్పజెప్పింది. "నీకు నాలుగో వంతు కావాల్నా, ఆరో వంతు కావాల్నా?" అని వాణ్ణి అడిగాను. వాడు వేళ్ళు లెక్కబెట్టుకుని, "ఆరో వంతే కావాలె, నాలుగో వంతు నువ్వే తిను" అని గెలిచినట్టు చూశాడు. వాడు వాడి చిన్న ముక్క తింటూ ఉంటే నేను వాడికి కనబడకుండా నవ్వుకున్నాను. అత్త చూసింది, తన ముక్కలో సగం విరిచి వాడి చేతిలో పెట్టింది.

ఆ మర్నాడే బడిలో మా లెక్కల సారు సున్నా చుక్క ఇరవయ్యైదు పెద్దదా, సున్నా చుక్క మూడు పెద్దదా అని అడిగారు. నేను లేచి, ఇరవయ్యైదు సార్ అన్నాను. ఇరవయ్యైదు ఎక్కడ, మూడు ఎక్కడ! సారు నవ్వారు. తమ్ముణ్ణి ఏ గుంటలో పడేశానో అదే గుంటలో నేను పడ్డాను. సారు కోస్తా దిక్కు నుంచి బదిలీ మీద వచ్చినాయన. మంచి మనిషి. అయితే ఆయన మాట మాకు సగం అర్థమయ్యేది, మా మాట ఆయనకు సగం అర్థమయ్యేది. అంతకు ముందున్న ముసలి సారు మాకు పావులు, సవ్వాలే నేర్పాడు. ఈయన వచ్చి పావును ఇరవయ్యైదు అంటాడు, అరను ఐదు అంటాడు. అర కన్నా పావు పెద్దదెట్లా అయిందో నాకు నెల దాకా తల తిరిగింది.

ఊరంతా అప్పుడు అలాగే ఉంది. సేర్లు, ఛటాకులు పోయి కిలోలు, గ్రాములు వచ్చాయి. కోమటి కొట్లో పావుసేరు పప్పు అడిగితే ఆయన మొహం మనం చూసి, మన మొహం ఆయన చూసి, చివరికి చేతికి వచ్చినంత పోసేవాడు. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చాయి. ఆసిఫాబాద్‌కు ఎన్ని కిలోమీటర్లో నేను లెక్క కట్టి చెబితే అత్త దారం తెంపుకుని, "మా అత్తగారూరు గింత దూరం ఎప్పుడైందే?" అంది. నవ్వడానికి అన్నదో, నిజంగానే అన్నదో తెలియలేదు.

ఇక మా గల్లీ మీద మీటరు పడింది. ఒక సర్కారు మనిషి డప్పు వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, గజాలు ఇక చెల్లవన్నాడు. గజం కట్టె ఎవరింట్లో ఉన్నా ఇచ్చెయ్యాలి, లేకపోతే జుర్మానా అన్నాడు. బాపు దగ్గర తాతల నాటి ఇనుప గజం ఉండేది. చేతులు పట్టీ పట్టీ నడుమ నున్నగా అయింది. బాపు దాన్ని ఒక పూట గడ్డివాములో దాచి, భయమై, మళ్ళీ తీసి ఇచ్చేశాడు. బదులుగా ఒక కొత్త చెక్క మీటరు ఇచ్చారు. దాని మీద వంద గీతలు. గజానికి పదహారు గిరలు. పదహారును సగం చెయ్యి, మళ్ళీ సగం చెయ్యి, చేతికే తెలుస్తుంది. వందను ఎలా పట్టుకోవాలో బాపుకు తెలియలేదు. సాయంత్రం పూట ఆ కట్టెను గోడకు నిలబెట్టి దాని ముందు కూర్చునేవాడు.

"ఏం జేస్తున్నవ్?" అని అవ్వ అడిగితే, "సూస్తున్న" అనేవాడు.

ఆ రోజుల్లోనే ఆసిఫాబాద్ నుంచి కబురు వచ్చింది. మామ అన్న కూతురి పెళ్ళి. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఇంట్లో పెళ్ళి జరిగితే కోడళ్ళంతా, భర్త పోయినవాళ్ళతో సహా, ఒకే పడుగు మీద నేసిన చీరలు కట్టుకుని, వరసగా నిలబడి, పెళ్ళిపిల్లకు పసుపు పెట్టాలి. వేరే పడుగువి అయితే పనికిరావు, రంగు ఒకటే అయినా సరే. అత్తను చేసుకున్నప్పటి నుంచి ఆ చీరలు మా బాపే నేస్తాడు. కబురు తెచ్చిన మనిషి మంచినీళ్ళు తాగి, ఆ ఇంటి ముసలమ్మ, అంటే మా అత్తకు అత్తగారు చెప్పిన మాట అప్పజెప్పాడు. "నాలుగు చీరలు నేయమన్నది. వంకాయ రంగు, ఎర్ర అంచు."

బాపు, అవ్వ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో కోడళ్ళు నలుగురు. మూడేళ్ళుగా ఎవరు లెక్కబెట్టినా మూడే. ముసలమ్మ నాలుగు అన్నదంటే అత్తను కలుపుకున్నట్టే. అత్త గబగబా లోపలికి పోయింది. కాసేపటికి ట్రంకు పెట్టె తాళం తీసిన చప్పుడు వినబడింది. అవ్వ కళ్ళొత్తుకుని, "మా వదినె బతుకు మల్ల గడ్డకు వడ్తున్నది" అంది. నాకు మాత్రం కోపం వచ్చింది. అత్త పోతే సర్వపిండి ఎవరు చేస్తారు?

ఆ దిక్కు ఆడవాళ్ళవి తొమ్మిది గజాల చీరలు. కాళ్ళ మధ్య నుంచి కుచ్చెళ్ళు తీసుకుని వెనక దోపుకుని, గోచి పెట్టి కట్టుకుంటారు. మా దగ్గర అప్పటికే ఆడవాళ్ళు ఆరు గజాలకు దిగి, కుచ్చెళ్ళు ముందు దోపుకుంటున్నారు. నాలుగు చీరలంటే ముప్పయ్యారు గజాలు. బాపు చేతిలో గజం లేదు. మీటరు కట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

"బిడ్డా, తొమ్మిది గజాలంటె ఎన్ని మీటర్లే?"

బాపు నన్ను ఒక సంగతి అడగడం నా బతుకులో అదే మొదటిసారి. పలక కడిగి, బొగ్గుతో తోమి, ఆరబెట్టి కూర్చున్నాను. గజం అంటే సున్నా చుక్క తొమ్మిది ఒకటి నాలుగు నాలుగు మీటర్లని సారు బోర్డు మీద రాసి పెట్టారు. ఆ వారమే సవరించడం కూడా నేర్పారు. ఐదుకు తక్కువుంటే వదిలెయ్యండి, ఐదు గానీ ఆ పైన గానీ ఉంటే ముందున్న అంకెకు ఒకటి కలపండి. తొమ్మిది తర్వాత ఒకటి ఉంది, వదిలేశాను. మిగిలింది సున్నా చుక్క తొమ్మిది. తొమ్మిది తొమ్ముదులు ఎనభై ఒకటి, చుక్క పెడితే ఎనిమిది చుక్క ఒకటి. మళ్ళీ ఒకటే, మళ్ళీ వదిలేశాను. ఎనిమిది. నాలుగు ఎనుముదులు ముప్పయి రెండు. తోక లేని, గుండ్రటి లెక్క. పలక బాపుకు చూపించాను.

"ముప్పయి రెండు మీటర్లు బాపు. సక్కగొచ్చింది."

మగ్గానికి పట్టుకునే చివరి ముక్క నేతకు పనికి రాదు గనక దాని కోసం ఇంకో మీటరు కలిపి, బాపు ముప్పయి మూడు అన్నాడు.

అత్త ఆ మాట విని చేతిలో పని ఆపేసింది. మీటరు కట్టెను తన ముంజేతికి ఆనించి చూసింది. రెండు మూరలు కొలిచి, మిగిలిన దాని మీద వేళ్ళు పెట్టింది. నాలుగు వేళ్ళు, ఇంకా కొంచెం. తర్వాత ఒక దారం తీసుకుని అలా మిగిలిన ముక్కలను ఒక దాని వెనక ఒకటి కలుపుకుంటూ పోయింది. పెదాలు కదులుతున్నాయి. చాలాసేపటికి తలెత్తి నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, ముప్పయ్యారుల నుంచి నువ్వు నాలుగు తీసేసినవ్. మూడే తియ్యాలనిపిస్తున్నదే. తక్కువ పడ్తది సూడు."

"సారు చెప్పిండు అత్తా."

"సారు చెప్పిండు గనీ, జర ఇంకోపారి..."

"నీకు మీటరంటె ఎర్కనా? నీకు చుక్క పెట్టుడస్తదా?" అన్నాను. బాపు ముందే అన్నాను. బాపు నన్ను కోప్పడలేదు, పైగా మీసం చాటున నవ్వాడు. అత్త దారం చుట్ట చుట్టి కొంగుకు ముడేసుకుని, "గట్లనే గానీ" అని వెళ్ళిపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు తెలియలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు అత్తే కట్టె పెట్టి కొలిచింది. కట్టె పెట్టడం, సున్నంతో గీత గీయడం, మళ్ళీ పెట్టడం. నేను వెనకాల ఒకటీ రెండూ అంటూ నడిచాను. ముప్పయి మూడు గీతలు. గూటాలు పాతారు, పడుగు పరిచారు, గంజి పెట్టారు. వంకాయ రంగు దారాలు గల్లీ పొడుగునా మెరుస్తుంటే పక్కింటి మేకలను అదిలిస్తూ నిలబడ్డాను. ఆ రోజు నేను బడికి వెళ్ళలేదు. లెక్క కట్టిన మనిషిని, దగ్గర ఉండకపోతే ఎలా?

బాపు చీరలు నేసేటప్పుడు మీటరు ముట్టుకోలేదు. చీరకు పద్దెనిమిది మూరలు, తన ముంజేతితోనే కొలుచుకున్నాడు. ఒకటి దిగింది, రెండు దిగాయి, మూడు దిగాయి. నాలుగోది పదహారు మూరలు రాగానే పడుగు అయిపోయింది. బాపు మళ్ళీ కొలిచాడు. పదహారే. ఎనిమిది గజాలు. గజం తక్కువ.

ఆ పూట మా ఇంట్లో ఎవరికీ ఏమీ తోచలేదు. బాపు తన ముంజేతిని తిప్పి తిప్పి చూసుకుని, "నా చెయ్యి గిట్ల పెరిగిందా ఏంది?" అన్నాడు. ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను పలక తెచ్చి మళ్ళీ లెక్క కట్టాను. ముప్పయి రెండే వచ్చింది. ఇంకోసారి కట్టాను. ముప్పయి రెండు. నూలు గుంజుకుందేమో అన్నారు ఒకరు, గంజి ఎక్కువైందేమో అన్నారు ఇంకొకరు. చివరికి అవ్వకే తట్టింది. గజం తక్కువంటే కట్టెడు తక్కువ. కట్టె పట్టి కొలిచింది ఎవరు?

"ఒక కట్టె మర్సిపోయినవ్ వదినె. మనసంత అత్తగారింట్ల పెట్టుకొని కొలిస్తె గిట్లనే అయితది" అంది అవ్వ.

అత్త ఏదో అనబోయి నా వైపు చూసింది. ముప్పయి మూడు గీతలు వెనకాల నడిచి లెక్కపెట్టింది నేనే. మర్చిపోలేదని నేను ఒక్క మాట అంటే చాలు. అయితే అత్త మర్చిపోకపోతే మరి తప్పు ఎవరిది? నేను కూడా ఎక్కడో ఒక గీత తప్పి ఉంటానేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. అవ్వ ఆ రోజంతా అత్తను దెప్పింది.

మర్నాడు బడి వదిలాక సారు దగ్గర నిలబడి, పుస్తకంలోని లెక్క అని అబద్ధం చెప్పి అడిగాను. ఆయన సుద్దముక్క తీసుకుని ముప్పయ్యారుతో మొత్తం గుణించారు. ముప్పయి రెండు చుక్క తొమ్మిది ఒకటి ఎనిమిది నాలుగు. అంటే ఇంచుమించు ముప్పయి మూడు.

"అడుగడుక్కీ వదిలేసుకుంటూ పోతే ఎలాగమ్మా? అన్నీ అయ్యాక, చివర్లో ఒక్కసారే సవరించాలి" అన్నారు.

ఆ మాట ఆయన ముందెప్పుడైనా చెప్పారా, నేను వినలేదా, లేక చెప్పనే లేదా? ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. అత్త దారంతో కట్టిన లెక్కే సరిగ్గా ఉంది. మూడే తియ్యాలి. నేను రెండుసార్లు వదిలేసిన చిన్న చిన్న ముక్కలన్నీ కలిసి ఒక గజమై, మా అత్త చీరలో లేకుండా పోయాయి. ఇంటికి పరుగెత్తాను, చెప్పేద్దామనే పరుగెత్తాను. గడపలోకి వచ్చేసరికి బాపు ఎవరితోనో, "మా బిడ్డె లెక్క మంచిగనే కట్టింది, కొలుసుట్లనే తప్పయింది" అంటున్నాడు. వచ్చిన దారినే వెనక్కి తిరిగాను.

పెళ్ళికి నాలుగు రోజులే ఉన్నాయి. కొత్త పడుగుకు వ్యవధి లేదు. దారం దారం అతికి ఇంకో గజం నేస్తానన్నాడు బాపు. పెళ్ళిలో పసుపు పెట్టే చీరకు నడుమ అతుకా, పనికిరాదంది అవ్వ. తొమ్మిదికి ఒక్క గిర తక్కువైనా గోచి నిలువదని కూడా అంది. అప్పుడు అత్త ఆ నాలుగో చీర మడత పెట్టి పెట్టెలో వేసుకుంది.

"తక్కువది నాదే. నేను ఎట్లనో గట్ల కట్టుకుంట. మీరు పరేషాన్ కాకున్రి."

నన్ను తోడు తీసుకుని పెళ్ళికి బయలుదేరింది. పెద్దపల్లిలో రైలెక్కాం. ట్రంకు పెట్టె మొత్తంగా తెచ్చుకుంది, దండెం మీది చీరలు కూడా అందులోనే. తిరిగి వచ్చే ఆలోచన లేదని తెలుస్తూనే ఉంది. బెల్లంపల్లి దాటుతుంటే బొగ్గు పొగ లోపలికి వచ్చింది. చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఆమె ఏదో ఒకటి తినమని చేతిలో పెట్టింది.

పెళ్ళింట్లో ముసలమ్మ అత్తను దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. ఒక గది చూపించి, "నీ అర్ర గట్లనే ఉన్నది, సూస్కో" అంది. అత్త కళ్ళు తుడుచుకుంది. పసుపు వేళకు మిగతా ముగ్గురు కోడళ్ళు వంకాయ రంగు చీరలు గోచి పెట్టి కట్టుకుని వచ్చి నిలబడ్డారు. అత్త ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను తలుపు బయట నిలబడ్డాను. చాలాసేపు. లోపల పెట్టె మూత చప్పుడు, చీర దులిపిన చప్పుడు, తర్వాత ఏ చప్పుడూ లేదు. బయట నుంచి పిలుస్తున్నారు. ఎట్టకేలకు తలుపు తెరుచుకుంది. కుచ్చెళ్ళు ముందు దోపుకుని, మా దిక్కు కట్టుతో వచ్చింది.

పెద్ద యారాలు పైనుంచి కిందికి చూసి, "తల్లిగారింటి కట్టు మర్వలేదు మా చెల్లె" అంది. నలుగురైదుగురు ఆడవాళ్ళు నవ్వారు.

"గదేందే, గట్ల గట్టినవ్?" అంది ముసలమ్మ.

"తక్కువ పడ్డది అత్తమ్మా."

"నీ ఒక్కదానికేనా తక్కువ పడ్డది?"

అత్త కుచ్చెళ్ళు సర్దుకుంది. ముసలమ్మ ఇంకేదో వినడానికన్నట్టు కాసేపు చూసి, మొహం తిప్పుకుంది. ముగ్గురే పసుపు పెట్టారు. అత్త ఒక పక్కన నిలబడి పళ్ళెం పట్టుకుంది. నేను ఆమె కొంగు పట్టుకుని, నేలను చూస్తూ నిలబడ్డాను. తప్పు నాదని అక్కడ అరవాలనిపించింది. అరిస్తే ఎవరికి అర్థమవుతుంది? సున్నా చుక్క తొమ్మిది తర్వాత ఒకటి వదిలేశానని పెళ్ళింట్లో ఎవరికి చెప్పను?

మూడో రోజు ఉదయం అత్త పెట్టె తీసుకుని బయటికి వచ్చింది. ఉండమని ఎవరూ అనలేదు. ఉంటానని ఆమె కూడా అనలేదు. బెల్లంపల్లిలో రైలు ఆగినప్పుడు నేను వెక్కి వెక్కి ఏడిచాను. ఏమైందే అంటే కంట్లో బొగ్గు నలుసు పడిందన్నాను. అత్త నా రెప్ప ఎత్తి, ఓపిగ్గా ఊదింది.

ఆ తర్వాత ఆమె ఎప్పుడూ అత్తగారింటికి వెళ్ళలేదు. చివరిదాకా మా ఇంట్లోనే ఉంది. ఆ పెట్టెకు మళ్ళీ తాళం వేయలేదు. నేను చదువుకున్నాను, లెక్కల టీచర్నయ్యాను, పెళ్ళయింది, పిల్లలయ్యారు. ప్రతి ఏడూ క్లాసులో సవరించే పాఠం వచ్చినప్పుడు నా చేతిలో సుద్దముక్క కాసేపు ఆగేది. చివర్లో ఒక్కసారే, చివర్లో ఒక్కసారే అని పిల్లలకు విసుగొచ్చేదాకా చెప్పేదాన్ని. అయినా పరీక్షలో సగం మంది మధ్యలోనే వదిలేసేవారు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు వచ్చేది కాదు.

అవ్వా బాపూ పోయాక ఒక సెలవు రోజు, అత్తతో కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతూ, ఇరవయ్యేళ్ళుగా గొంతులో ఉన్న సంగతి మొత్తం కక్కేశాను. లెక్క నాదే తప్పని, నాకు ముందే తెలుసని, చెప్పలేదని, ఆమె కాపురం నా వల్లే పోయిందని. ఏడుస్తూ చెప్పాను. అత్త చిక్కుడుకాయ ఈనె తీస్తూనే ఉంది.

"నాకెర్కనే."

"ఏం ఎర్క?"

"నీ లెక్క తప్పని. దారం కట్టి సూసిన గద."

"మరి అవ్వ నిన్ను గన్ని మాటలంటుంటె ఎందుకూకున్నవ్ అత్తా?"

"అంటె ఏమాయె? మీ అవ్వ అనుడు నాకు కొత్తనా?" అని నవ్వింది. తర్వాత చేతిలో కాయ కింద పెట్టింది. "ఇగో, ఇను. ఎనిమిది గజాలకు గోచి రాదని మీ అవ్వ అన్నది గనీ, వస్తదే. జర బిగ్గబట్టి కడ్తె వస్తది. ఆ అర్రల నేను కట్టిన. నిలవడ్డది. కిటికీల నుంచి మా యారాలు గొంతు ఇనవడ్డది. ఎవల్నో తిడ్తున్నది. మల్ల ఇప్పేసి, మన కట్టు కట్టుకున్న. మీ మామ లేని ఇంట్ల నేనేం జెయ్యాలె? చీర తక్కువ పడుడే నాకు మంచిగైంది. లేకుంటె ఏం జెప్పి వద్దును?"

నేను తెల్లమొహం వేసుకుని కూర్చున్నాను. ఇరవయ్యేళ్ళు నేను మోసిన తప్పు తప్పే కాదా? మరి ముసలమ్మ గది చూపించినప్పుడు ఆమె కళ్ళు ఎందుకు తుడుచుకుంది? పెట్టె అంతా ఎందుకు సర్దుకుంది? అడిగితే, "అవన్ని నాకు యాదిలేవే" అని చిక్కుడుకాయల గిన్నె నా వైపు తోసింది. నిజమే చెప్పిందో, నా ఏడుపు చూడలేక అప్పటికప్పుడు అల్లి చెప్పిందో నాకు తెలియలేదు. ఆ తర్వాత ఎప్పుడు కదిపినా నవ్వేసేది.

అత్త పోయిన ఏడు, ఆమె పెట్టెలో అడుగున ఆ వంకాయ రంగు చీర దొరికింది. ఒక్కసారి కట్టి విడిచిన మడతలు అలాగే ఉన్నాయి. తలుపు వేసుకుని, తొమ్మిది గజాలు కట్టే ముసలివాళ్ళను చూసి నేర్చుకున్నట్టే గోచి పెట్టి కట్టాను. ఊడిపోయింది. మళ్ళీ కట్టాను. గట్టిగా, ఊపిరి బిగబట్టి కట్టాను. ఈసారి నిలబడింది, చివర బెత్తెడు గుడ్డ కూడా మిగలకుండా. అద్దంలో చూసుకుని, అత్త నిజమే చెప్పిందని ఏడిచాను, నవ్వాను, ఆ గదిలో ఒక్కదాన్నే అటూ ఇటూ నడిచాను.

చీర విప్పి మడత పెడుతుంటే అప్పుడు గుర్తొచ్చింది. అత్త నాకంటే జానెడు పొడుగు.